క్వినోవా పైరు బెట్టను పైనుంచి కొలవడం ఎలా

జనవరిలో మధ్యాహ్నం ఒంటిగంటకు క్వినోవా చేలో నిలబడితే ఆకులు కాస్త వాలి కనిపిస్తాయి. అదే చేలోకి సాయంత్రం ఐదున్నరకు వెళ్తే మళ్లీ నిటారుగా ఉంటాయి. పైరు బెట్టకొచ్చినట్టా, ఎండకు కాసేపు తల వంచినట్టా? చేలో నిలబడ్డ మనిషికే చప్పున తేలని ఈ సంగతిని 786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే సెంటినెల్-2 ఉపగ్రహం ఒక్క ఫొటోతో తేల్చేస్తుందని చాలామంది అనుకుంటారు. తేల్చగలదు. కాకపోతే దానికి కింద చేలో మనం చేసిపెట్టాల్సిన పని కొంత ఉంది. ఆ పని చేయకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటే రంగురంగుల మ్యాపులు వస్తాయి గానీ వాటిని చూసి బోరు ఆన్ చేయాలో వద్దో చెప్పలేం.

క్వినోవా ఆండీస్ పర్వతాల పంట. తోటకూర కుటుంబానిది, మన పప్పుకూరకు, అంటే చక్రవర్తికూరకు, దగ్గరి చుట్టం. బొలీవియాలో ఉయుని ఉప్పు మైదానం చుట్టూ, సముద్ర మట్టానికి 3,600 మీటర్ల పైన, వాన బాగా తక్కువ పడే నేలల్లో తరతరాలుగా పండిస్తున్నారు. ఐక్యరాజ్యసమితి 2013ను అంతర్జాతీయ క్వినోవా సంవత్సరంగా ప్రకటించింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాజెక్ట్ అనంత కింద అనంతపురం జిల్లాలో ఈ పంటను వేసి చూశారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని జిల్లాకు బెట్టను తట్టుకునే పంట తేవడం మంచి ఆలోచనే. కానీ తట్టుకుంటుందంటే దిగుబడి తగ్గదని కాదు. ఇలాంటి పంటతో మనకొచ్చే చిక్కు ఏంటంటే, కష్టం వచ్చిన సంగతి అది ఆకుల్లో త్వరగా బయటపడనివ్వదు.

రబీలో క్వినోవా వేసి, సొంత చేలోనో, రైతు సంఘం చేలల్లోనో, పరిశోధన మడుల్లోనో బెట్టను కొలవాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. శాటిలైట్ డేటా ఉచితమే. కావాల్సిందల్లా ఒక ల్యాప్‌టాప్, ఆకును తాకకుండానే దాని వేడి చెప్పే ఒక ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) థర్మామీటర్ గన్, ఓపిక. డ్రోన్ ఉంటే మంచిదే, లేకపోయినా సగం పని జరుగుతుంది.

ముందు, ఏది కొలుస్తున్నామో తెలుసుకోండి

"దాహం" అనేది ఏ కెమెరాలోనూ కనపడదు. దాహం వల్ల మొక్కలో వచ్చే మార్పులు కనపడతాయి, అవీ ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి. నేల ఆరడం మొదలవగానే వేర్ల నుంచి సంకేతం అంది ఆకుల మీది పత్రరంధ్రాలు మూసుకుంటాయి. చెమట పట్టని మనిషి ఒళ్లు కాలినట్టే, నీటిని ఆవిరిగా వదలని ఆకు వేడెక్కుతుంది. ఇది మొదటి మార్పు, ఒకట్రెండు రోజుల్లోనే వస్తుంది. ఆ తర్వాత ఆకులో నీటి పాలు తగ్గుతుంది. ఇంకా తర్వాత కొత్త ఆకులు చిన్నవవుతాయి, కింది ఆకులు పసుపెక్కి రాలతాయి, పచ్చదనం తగ్గుతుంది.

ఈ మూడింటికీ మూడు వేర్వేరు కొలతలున్నాయి. వేడిని థర్మల్ కెమెరా చూస్తుంది. ఆకులో నీటిని షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్, అంటే ఉపగ్రహ కెమెరాలో కంటికి కనపడని ఒక రకం కాంతిని కొలిచే భాగం, చూస్తుంది. పచ్చదనాన్ని అందరికీ తెలిసిన ఎన్‌డీవీఐ అనే సూచిక చూస్తుంది. అందరికీ తెలిసింది కాబట్టి అందరూ ఎన్‌డీవీఐతోనే మొదలెడతారు, అది మాత్రం మూడింట్లో ఆఖరున కదిలేది. ఎన్‌డీవీఐ పడిపోయాక తడి ఇస్తే జరగాల్సిన నష్టంలో సగం అప్పటికే జరిగిపోయి ఉంటుంది.

క్వినోవా విషయంలో ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. ఈ మొక్క పత్రరంధ్రాలను ముందుగానే మూసుకుని ఆకులోని నీటిని చాలాసేపు కాపాడుకుంటుంది. అందుకే ఆకు నీటిని చూపే సూచిక మారకుండా ఉన్నంత మాత్రాన పైరు హాయిగా ఉందని కాదు. తలుపులు మూసుకుని ఇంట్లో ఉన్న నీళ్లతో సరిపెట్టుకుంటోందన్నమాట. ఆ సమయంలో కిరణజన్య సంయోగక్రియ కూడా తగ్గుతుంది, ఎందుకంటే గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ వచ్చేది కూడా ఆ తలుపుల్లోంచే.

మొదటి పని: తడి పట్టీ వదలండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తు పెట్టుకుంటానంటే దీన్నే పెట్టుకోండి. విత్తేటప్పుడే చేలో ఒక పట్టీని విడిగా గుర్తించండి. అదే విత్తనం, అదే తేదీ, అదే ఎరువు. తేడా నీళ్లు ఒక్కటే. ఆ పట్టీకి పంట కాలమంతా నీటికి లోటు రానివ్వకండి. దీన్ని నేను తడి పట్టీ అంటాను. మిగతా చేను ఎలా ఉందో ఎప్పుడు చూడాలన్నా ఈ పట్టీతో పోల్చే చూడాలి, అదీ అదే రోజు, అదే ఫొటోలో.

ఎందుకింత పట్టుదల అంటే, ఉపగ్రహం ఇచ్చే అంకెలు ఒక్క నీటి వల్లే మారవు. ఆరోజు గాలిలో దుమ్ము ఎంతుంది, ఉపగ్రహం చేనును ఏ కోణంలో చూసింది, సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడు, పంట ఏ దశలో ఉంది, ఇవన్నీ కలిసి అంకెను అటూ ఇటూ నెడతాయి. కానీ వాటి ప్రభావం పట్టీ మీదా, చేను మీదా ఒకేలా పడుతుంది. ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే అవి చాలావరకు కొట్టుకుపోతాయి, మిగిలేది నీటి తేడా.

పట్టీ ఎంత ఉండాలన్నది లెక్క. సెంటినెల్-2లో మనకు కావాల్సిన నీటి బ్యాండ్ పిక్సెల్ 20 మీటర్లు, అంటే ఫొటోలో ఒక్కో గడి నేల మీద 20 మీటర్ల చదరం. పిక్సెల్ గళ్లు మన గట్ల ప్రకారం పడవు, వాటి ఇష్టం వాటిది. 60 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు పట్టీని ఉత్తర దక్షిణాలకు సరిగ్గా పెడితే గళ్లు ఎలా పడినా కనీసం నాలుగు పూర్తి పిక్సెళ్లు లోపల ఉంటాయి. అంటే దాదాపు ఎకరం. మొత్తం చేనే ఎకరం ఉన్న రైతుకు ఇది కుదరదు. ఎకరం చేను చదరంగా ఉంటే ఒక్కో వైపు 64 మీటర్లు లోపే. గట్లు, పక్క చేలు కలవకుండా అన్ని వైపులా 10 మీటర్లు వదిలేస్తే లోపల 10 మీటర్ల పిక్సెళ్లు ఓ పంతొమ్మిది, 20 మీటర్లవి నాలుగైదు మిగులుతాయి. అందులో మళ్లీ పట్టీ అంటే కుదిరే పని కాదు. కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మూడెకరాల లోపు ఒంటి చేనైతే శాటిలైట్ మీద ఆశ పెట్టుకోకండి, ఐఆర్ గన్, వీలైతే డ్రోన్ మీద ఆధారపడండి. అప్పుడు నాలుగైదు చాళ్ల వెడల్పు పట్టీ చాలు. లేదంటే పక్కపక్కనే క్వినోవా వేసిన నలుగురైదుగురు కలిసి ఒక చేనులో పట్టీ పెట్టుకోవాలి.

బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట పట్టీకి పోసే నీటి ఈసీ, అంటే నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత, ఒకసారి కొలిపించండి. క్వినోవా ఉప్పును బాగా ఓర్చుకుంటుంది, కొన్ని రకాలు సముద్రపు నీటికి దగ్గరగా ఉండే ఉప్పును కూడా తట్టుకుంటాయి. అయినా నేలలో ఉప్పు పెరిగితే వేర్లు నీటిని లాగలేవు, ఆకు వేడెక్కుతుంది. పైనుంచి చూస్తే అది అచ్చం బెట్టలాగే ఉంటుంది. తడిలో నిలబడి దాహంతో ఉన్న పట్టీతో పోలిస్తే లెక్కంతా తారుమారు.

రెండో పని: కింద కొలిచి పెట్టుకోవడం

వారానికి ఒకసారి, వీలైతే ఉపగ్రహం వచ్చే రోజునే చేలోకి వెళ్లండి. పట్టీలో మూడు చోట్ల, మిగతా చేలో ఆరేడు చోట్ల కర్రలు పాతి నంబర్లు రాసి పెట్టుకోండి. ప్రతిసారీ అవే చోట్లు.

నేల తడికి ఖరీదైన సెన్సార్ అక్కర్లేదు. ఆగర్‌తో (నేలలోకి తిప్పి మట్టి తీసే బరమాతో) 0-15, 15-30, 30-60 సెంటీమీటర్ల లోతుల్లో మట్టి తీసి, మూత గట్టిగా ఉండే డబ్బాలో వేసి, ఆ రోజే తూకం వేయండి. 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఉంచి మళ్లీ తూచండి. తడి మట్టి 118 గ్రాములు, ఎండాక 107 గ్రాములైతే పోయింది 11 గ్రాముల నీరు, 11ని 107తో భాగిస్తే దాదాపు 10.3 శాతం. మూడో లోతును బద్ధకించి వదలకండి. క్వినోవా వేరు లోతుకు పోతుంది. పైన అరచేయి మందం మట్టి పొడిపొడిగా ఉన్నా కింద తడి దొరుకుతుంటే పైరు నిశ్చింతగానే ఉంటుంది. రాయలసీమ ఎర్ర నేలల్లో చాలా చోట్ల అడుగు లోతు దాటితే గరుసు, రాయి తగులుతాయి. అలాంటి చోట ఈ పంట సుగుణం పనిచేయదు, బెట్ట తొందరగా వస్తుంది. ఆగర్ ఎక్కడ ఆగిపోయిందో కూడా నోట్‌బుక్‌లో రాయండి, తర్వాత మ్యాపులో కనిపించే మచ్చలకు జవాబు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఆకులో నీటిని కొలవడానికి సాపేక్ష నీటి శాతం, అంటే ఆకు పట్టగల నీటిలో ఇప్పుడు ఎంత శాతం ఉందో, చూస్తారు. పైనుంచి పూర్తిగా విచ్చుకున్న ఆకును మధ్యాహ్నం కోసి, జిప్ కవర్లో వేసి, ఐస్ డబ్బాలో తెచ్చి తూచాలి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో నాలుగు గంటలు నాననిచ్చి, పైతడి అద్ది, మళ్లీ తూచాలి. ఆఖరున 70-80 డిగ్రీల దగ్గర ఎండబెట్టి తూచాలి. తాజా బరువు 1.20 గ్రాములు, నానాక 1.38, ఎండాక 0.22 అనుకుంటే, (1.20 − 0.22) ÷ (1.38 − 0.22), అంటే దాదాపు 84 శాతం. క్వినోవా లేత ఆకుల మీద తెల్లటి పొడిలా కనిపించేవి నిజానికి ఉప్పును, నీటిని దాచుకునే చిన్న బుడగలు. చేత్తో రుద్దితే చితికిపోతాయి, తూకం తప్పుతుంది. కాడ పట్టుకుని తీయండి, అద్దేటప్పుడు టిష్యూను నొక్కకుండా ఆనించండి చాలు.

ఐఆర్ గన్‌లో ఎమిసివిటీ (కొలిచే వస్తువు వేడిని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె) 0.98 పెట్టండి. ఎండ బాగా ఉన్న రోజు పన్నెండు, రెండు గంటల మధ్య, సూర్యుడు మీ వీపు వైపు ఉండగా, మీ నీడ ఆకు మీద పడకుండా, ఏటవాలుగా పై ఆకులకు గురిపెట్టండి. నేరుగా కిందికి పెడితే ఆకుల సందుల్లోంచి కాలే మట్టిని కొలుస్తారు. ఒక్కో చోట పది రీడింగులు తీసి సగటు వేయండి. అదే నిమిషంలో నీడలో గాలి ఉష్ణోగ్రత, తేమ శాతం రాసుకోండి. గన్ పట్టుకుని గబగబా చేనంతా తిరిగితే సరిపోదు. మొదటి చోటుకూ చివరి చోటుకూ మధ్య అరగంట దాటితే ఎండే మారిపోతుంది. నేనైతే పట్టీ దగ్గర మొదలుపెట్టి, మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి మళ్లీ పట్టీకొచ్చి కొలుస్తాను. మొదటిసారి ఇది పాటించక ఒక రోజంతా తీసిన రీడింగులు పారేసుకున్నాను. మబ్బుతునక ఒకటి పది నిమిషాలు అడ్డొచ్చి పోయింది, నేను గమనించుకోలేదు. చేను ఉత్తర భాగమంతా చల్లగా ఉందని తెగ సంబరపడ్డాను.

మూడో పని: శాటిలైట్ ఫొటోలు తెచ్చుకోవడం

ఇక్కడ ఎక్కువసేపు ఆగాల్సిన పని లేదు. సెంటినెల్-2 ఫొటోలు కోపర్నికస్ డేటా స్పేస్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకు గూగుల్ ఎర్త్ ఇంజిన్ సుఖం, రానివాళ్లు క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌తో చేసుకోవచ్చు. వాతావరణ ప్రభావం తీసేసిన లెవెల్-2ఏ ఫొటోలనే తీసుకోండి. జంట ఉపగ్రహాలు కలిసి అయిదు రోజులకోసారి వస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల మబ్బుల వల్ల సగం ఫొటోలు పనికిరావు. డిసెంబరు నుంచి ఆకాశం తేటగా ఉంటుంది, పూత, గింజ దశలు అప్పుడే కాబట్టి అదృష్టవంతులమే.

జాగ్రత్తలు మూడు. ఫొటోతో పాటు వచ్చే సీన్ క్లాసిఫికేషన్ పొరలో 3, 8, 9, 10 అంకెలున్న పిక్సెళ్లు మబ్బులు, మబ్బు నీడలు, పల్చటి మేఘం పొర, వాటిని తీసేయండి. 2022 జనవరి 25 నుంచి వచ్చిన ఫొటోల అంకెల్లో 1000 అదనంగా కలిసి ఉంటుంది. పాతవాటితో పోల్చాలంటే దాన్ని తీసేసి 10,000తో భాగించాలి, లేదా ఎర్త్ ఇంజిన్‌లో హార్మొనైజ్డ్ అని ఉన్న కలెక్షన్ వాడండి. ఇది మర్చిపోతే సూచికలన్నీ తగ్గి కనిపిస్తాయి, లేని కరువు పుట్టుకొస్తుంది. మూడోది, చేను హద్దును ఫోన్‌తో నడిచి గీయకండి. ఫోన్ జీపీఎస్ మూడు నాలుగు మీటర్లు అటూ ఇటూ పోతుంది. ఫొటో మీదే గట్లు చూసి గీసి, 10 మీటర్లు లోపలికి జరపండి. చేలో చింతచెట్టో వేపచెట్టో ఉంటే దాని చుట్టూ కూడా ఖాళీ వదలండి.

నాలుగో పని: సూచికలు వేయడం, క్వినోవా పెట్టే తికమకలు దాటడం

రెండు సూచికలు చాలు: ఆకు నీటికి ఎన్‌డీఎంఐ, పచ్చదనానికి ఎన్‌డీవీఐ. కింద బి4, బి8 లాంటివి సెంటినెల్-2 బ్యాండ్ల పేర్లు; బి4 ఎరుపు కాంతి, బి8, బి8ఏ కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్.

ఎన్‌డీఎంఐ = (బి8ఏ − బి11) ÷ (బి8ఏ + బి11)
ఎన్‌డీవీఐ = (బి8 − బి4) ÷ (బి8 + బి4)

బి11 అంటే 1,610 నానోమీటర్ల దగ్గరి షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్. నీరు ఆ కాంతిని మింగేస్తుంది. ఆకులో నీరు తగ్గితే ఆ బ్యాండ్‌లో వెలుగు పెరుగుతుంది, సూచిక తగ్గుతుంది. ఉదాహరణకు పట్టీలో బి8ఏ 0.32, బి11 0.24 ఉన్నాయనుకోండి, సూచిక 0.14 వస్తుంది. అదే రోజు చేలో 0.30, 0.28 ఉంటే 0.03. తేడా 0.11. మీ నోట్‌బుక్‌లో రాయాల్సింది ఈ తేడాను, 0.03ను కాదు.

మరి ఎంత తేడా ఉంటే బెట్ట? అందరికీ వర్తించే అంకె ఒకటి చెప్పమని అడుగుతారు, నేను చెప్పను. మీ చేనే చెప్తుంది. మొత్తం చేనుకు తడి ఇచ్చిన రెండు మూడు రోజుల తర్వాత వచ్చిన ఫొటోల్లో పట్టీకీ చేనుకూ తేడా చూడండి. నీళ్లు రెండింటికీ సమానంగా ఉన్నా తేడా సున్నా రాదు, నేల తేడా వల్ల 0.02 అలా ఏదో ఒకటి వస్తుంది. అలాంటివి మూడు నాలుగు చూశాక మీ చేను సహజంగా ఎంత ఊగుతుందో తెలుస్తుంది. దానికి రెండింతలు దాటి, వరసగా రెండు ఫొటోల్లో అలాగే ఉంటే అప్పుడు నమ్మండి.

ఇక తికమకల సంగతి. మొదటిది మట్టి. పైరు చిన్నగా ఉన్నప్పుడు పిక్సెల్లో సగం పైన మట్టే. బొలీవియా దక్షిణ ఆల్టిప్లానోలో గుంతకూ గుంతకూ మధ్య మీటరు ఎడంతో విత్తుతారు, అక్కడ పంట ముదిరినా పిక్సెల్లో మట్టి పోదు. మన దగ్గర చాళ్లలో దగ్గరగా వేస్తాం కాబట్టి నలభై అయిదు, యాభై రోజులకు కమ్ముకుంటుంది. అంతవరకు ఎన్‌డీఎంఐ చెప్పేది ఆకు సంగతి కంటే నేల సంగతే. పైగా తడి ఇచ్చిన మర్నాడు నేల నల్లబడి సూచిక ఒక్కసారిగా లేస్తుంది, అది చూసి మొక్క తేరుకుందని మురిసిపోకండి. చేను కమ్ముకున్నాకే ఈ లెక్క మొదలుపెట్టడం మేలు. తొందరైతే ఎన్‌డీవీఐ బదులు మట్టి ప్రభావాన్ని కొంత సర్దే సావీ సూచిక వాడొచ్చు: 1.5 × (బి8 − బి4) ÷ (బి8 + బి4 + 0.5).

రెండోది, వేరుశనగకు అలవాటుపడిన కంటికి అస్సలు తట్టనిది, రంగు. క్వినోవా కంకులు రకాన్ని బట్టి ఎరుపు, ఊదా, నారింజ, పసుపు రంగుల్లోకి తిరుగుతాయి. బీట్‌రూట్‌కు ఎరుపునిచ్చే బీటాలైన్‌లే దీన్లోనూ ఉంటాయి. కంకి బయటపడి రంగెక్కుతున్న కొద్దీ పైనుంచి చూసేవాడికి పచ్చదనం తగ్గుతుంది, ఎన్‌డీవీఐ జారిపోతుంది. నీళ్లు నిండుగా ఉన్న చేలో కూడా. చాలా బెట్ట మ్యాపులు ఇక్కడే బోల్తా పడతాయి. పట్టీ ఉన్నవాడికి భయం లేదు, పట్టీలోనూ కంకి ఎర్రబడుతుంది, రెండూ కలిసి జారతాయి, తేడా మాత్రం పెరగదు. పట్టీ లేనివాడు పంట ఎండిపోతోందని నీళ్లు పెడతాడు. కోతకు దగ్గర పడ్డ క్వినోవాకు నీళ్లు పెడితే లాభం లేకపోగా, తడి తగిలిన గింజ కంకిలోనే మొలకెత్తే ప్రమాదం ఉంది.

దీన్లోనే ఒక కొస. బెట్ట పడ్డ పైరు తొందరగా ముదురుతుంది, కాబట్టి చేను పట్టీ కంటే వారం ముందే రంగెక్కొచ్చు. అప్పుడు తేడా నిజంగానే పెరుగుతుంది, అది బెట్ట ఫలితమే, కానీ ఇప్పటి బెట్ట కాదు, రెండు మూడు వారాల కిందటిది. అందుకే ప్రతి ఫొటో తేదీ పక్కనా పంట దశ రాయాలి: మొగ్గ, పూత, పాలు పోసుకోవడం, గింజ గట్టిపడటం. చేలోకి పోకుండా ఈ మాట రాయలేరు.

పాత ఏళ్ల ఎన్‌డీవీఐతో పోల్చే వీసీఐ (వెజిటేషన్ కండిషన్ ఇండెక్స్) లాంటి పద్ధతులు జిల్లా స్థాయి కరువు అంచనాకు బాగుంటాయి గానీ ఇక్కడ వాడకండి. మీ చేలో గత పదేళ్లూ ఉన్నది వేరుశనగో కందో. వాటి పచ్చదనంతో క్వినోవాను పోలిస్తే వచ్చేది పంట మార్పిడి లెక్క.

అయిదో పని: వేడిని కొలవడం

క్వినోవాకు నేను ఎక్కువగా నమ్మేది దీన్నే. పత్రరంధ్రాలు ముందుగా మూసుకునే మొక్క కాబట్టి ముందుగా దొరికేదీ వేడిలోనే.

అమెరికా ల్యాండ్‌శాట్ 8, 9 ఉపగ్రహాలు కలిపి ఎనిమిది రోజులకోసారి ఉష్ణోగ్రత ఇస్తాయి. కలెక్షన్ 2 లెవెల్ 2లో ఉపరితల ఉష్ణోగ్రత బ్యాండ్ అంకెను 0.00341802తో గుణించి 149 కలిపితే కెల్విన్‌లో వస్తుంది. 45,000 అని ఉంటే 302.8 కెల్విన్, అంటే 29.7 డిగ్రీల సెల్సియస్. లెక్క సులువే, ఇబ్బంది వేరే చోట ఉంది. ఫైలు 30 మీటర్లలో వచ్చినా సెన్సార్ అసలు చూసేది 100 మీటర్ల గడిని. హెక్టారు నేలకు ఒక్క అంకె, దాదాపు రెండున్నర ఎకరాలు. పైగా వచ్చే సమయం ఉదయం పదిన్నర, పదకొండు మధ్య. బెట్ట గట్టిగా కనిపించేది మధ్యాహ్నం. ఇరవై ముప్పై ఎకరాల ఒకే చెక్క ఉన్న ఫారాల్లో తప్ప ల్యాండ్‌శాట్ వేడి మీద నిర్ణయాలు తీసుకోకండి.

డ్రోన్ దగ్గరకొద్దాం. 640 × 512 పిక్సెళ్ల థర్మల్ కెమెరా, 13 మిల్లీమీటర్ల లెన్స్ ఉంటే 60 మీటర్ల ఎత్తు నుంచి ఒక్కో పిక్సెల్ అయిదారు సెంటీమీటర్లు. ఆకుల గుంపును మట్టి నుంచి విడదీయడానికి అది చాలు. విడదీయడం ఎందుకు ముఖ్యమో ఈ లెక్క చూడండి. ఆకులు 32 డిగ్రీలు, మధ్యాహ్నపు ఎర్రమట్టి 50 డిగ్రీలు, చేలో ఆకు కమ్మింది 40 శాతమే అనుకోండి. కలిపి చూస్తే సుమారు 43 డిగ్రీలు కనిపిస్తుంది. పైరు చల్లగా ఉన్నా మంటల్లో ఉన్నట్టు లెక్క. అందుకే మామూలు రంగు కెమెరాతో కూడా అదే ఎగరవేతలో ఫొటోలు తీసి, పచ్చగా ఉన్న పిక్సెళ్లను ముందు విడదీసి, వాటి వేడినే తీసుకోండి. ఆకు అంచు పిక్సెళ్లలో మట్టి వేడి కలుస్తుంది, అంచుల్ని ఒక పిక్సెల్ మేర తొలిచేస్తే మంచిది.

ఎగరేసే ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో మీ చేను ఆకుపచ్చ జోన్‌లో ఉందో లేదో చూసుకోండి. అక్కడ 400 అడుగుల ఎత్తు లోపు అనుమతి అడగక్కర్లేదు. డ్రోన్ బరువును బట్టి పైలట్ సర్టిఫికెట్ నిబంధనలు మారతాయి, అవీ చూసుకోండి. కెమెరా ఆన్ చేసి పావుగంట, ఇరవై నిమిషాలు వేడెక్కనివ్వండి. గాలి ఎక్కువగా ఉన్న రోజు వద్దు.

ఈ కెమెరాలు రెండు మూడు డిగ్రీలు తప్పు చూపడం మామూలే. కాబట్టి చేలో రెండు గురుతులు పెట్టాలి. ఒకటి పూర్తిగా తడిసిన ఆకు ఎంత చల్లగా ఉండగలదో చెప్పేది, రెండోది నీళ్లు అస్సలు వదలని ఆకు ఎంత వేడెక్కగలదో చెప్పేది. ఐఆర్ గన్‌తో చేసేవాళ్లు కొన్ని ఆకుల మీద స్ప్రేయర్‌తో నీళ్లు చల్లి వెంటనే కొలవచ్చు, వేరే కొన్ని ఆకులకు రెండు వైపులా వాసలిన్ పూసి పావుగంట ఆగి కొలవచ్చు. డ్రోన్‌కు అంత చిన్నవి ఆనవు. ఒక ట్రేలో నీళ్లు పోసి, థర్మోకోల్ పలక తేలేసి, దాని మీద అంచులు నీళ్లలో మునిగేలా తెల్లటి తువ్వాలు పరిస్తే తడి గురుతు తయారు. పొడి గురుతుకు గాలి ఉష్ణోగ్రతకు 5 డిగ్రీలు కలిపి వాడే పద్ధతి ఒకటుంది, పనికొస్తుంది.

తర్వాతి లెక్క ఇది:

బెట్ట సూచిక = (ఆకు వేడి − తడి గురుతు వేడి) ÷ (పొడి గురుతు వేడి − తడి గురుతు వేడి)

ఆకు 34, తడి గురుతు 27.5, పొడి గురుతు 37.5 అయితే 6.5 ÷ 10, అంటే 0.65. సున్నాకు దగ్గరైతే పైరు హాయిగా ఉంది, ఒకటికి దగ్గరైతే తలుపులన్నీ మూసేసింది. 1981లో ఇడ్సో, జాక్సన్ బృందాలు ఇచ్చిన సీడబ్ల్యూఎస్‌ఐ (పైరు నీటి ఎద్దడి సూచిక) పద్ధతికి ఇది చేలో చేసుకోదగ్గ రూపం. పట్టీకి కూడా ఇదే లెక్క వేయండి. పట్టీ సూచికే 0.4 వచ్చిందంటే పట్టీకి నీళ్లు చాలట్లేదో, ఉప్పు చేరిందో, డ్రిప్ లేటరల్ మూసుకుపోయిందో చూసుకోవాలి. మేం ఒక ఏడాది ఫిబ్రవరి దాకా తెలుసుకోలేదు, ఎలుకలు పైపు కొరికేశాయని.

ఆరో పని: మూడూ కలిపి చదివి, తడి ఇవ్వాలో వద్దో తేల్చడం

వేడి తేడా పెరిగి, నీటి సూచిక, పచ్చదనం మారకుండా ఉంటే బెట్ట ఇప్పుడే మొదలైంది. పైరు పూతకు రాకముందు, ముప్పై, నలభై రోజుల వయసులో ఇలా కనిపిస్తే నేనైతే కంగారుపడను. బొలీవియాలో తక్కువ నీటితో క్వినోవా పండించే పద్ధతి మీద జరిగిన ప్రయోగాలు చెప్పిందీ ఇదే: మొలక దాటాక పూతకు ముందు వచ్చే కొద్దిపాటి బెట్టను పైరు ఓర్చుకుంటుంది, ఉన్న నీటిని మొలకకూ, పూతకూ, గింజ పాలు పోసుకునే దశకూ దాచుకోవాలి. అదే సంకేతం పూతలో కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి.

వేడి, నీటి సూచిక రెండూ తేడా చూపిస్తే బెట్ట గట్టిగానే ఉంది. 30-60 సెంటీమీటర్ల మట్టి అంకె చూడండి, అది కూడా పడిపోయి ఉంటే ఆ రోజే తడి ఇవ్వండి. కింద తడి ఉండి పైన ఇలా కనిపిస్తే నీటిని అనుమానించడం ఆపి మొక్కను పీకి వేర్లు చూడండి, వేరుకుళ్లో పురుగో దొరకొచ్చు. పచ్చదనం ఒక్కటే పడి మిగతా రెండూ మామూలుగా ఉంటే అది రంగెక్కడమో, నత్రజని లోపమో, ఆకుమచ్చ తెగులో. నీళ్లతో పోయేది కాదు. వేడి ఒక్కటే పెరిగి మర్నాటికి మామూలైపోతే వడగాలి లెక్కలో వేయండి.

తడి ఇచ్చాక కూడా కొలవాలి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మూడు రోజుల తర్వాత మళ్లీ ఎగరేసి, లేదా గన్‌తో కొలిచి, చేను పట్టీ స్థాయికి వచ్చిందో లేదో చూడండి. చేనంతా వచ్చి ఒక మూల రాకపోతే ఆ మూల మీద గీత గీసి, ఆగర్ తీసుకెళ్లండి. లోతు తక్కువ నేలా, డ్రిప్ ఒత్తిడి అందని చివరా అన్నది అక్కడే తెలుస్తుంది. ఒక సీజన్లో ఇలాంటి మూలలు రెండు మూడు బయటపడితే వచ్చే ఏడాది వాటికి లేటరల్ వేరుగా వేసుకోవచ్చు, లేదంటే అక్కడ క్వినోవానే మానేయొచ్చు.

చివరి పని కోత రోజున ఉంటుంది. కొలిచిన ప్రతి చోటా, పట్టీలోనూ చేలోనూ, 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గడిని తాడు కట్టి విడిగా కోయించండి. విడిగానే ఎండబెట్టి, నూర్చి, గింజ మీది చేదు సపోనిన్ పొట్టు తీయకముందే తూకం వేసి, గోనె మీద చోటు నంబరు రాయండి. సీజనంతా రాసుకున్న వేడి తేడాలను ఆ తూకాల పక్కన ఒకే కాగితం మీద వేసి చూడండి. ఏ దశలో ఎంత తేడా వస్తే ఎన్ని కిలోలు పోయాయో మీ నేలకు, మీ రకానికి సంబంధించిన లెక్క అక్కడ దొరుకుతుంది. నన్నడిగి రాబట్టలేకపోయిన ఆ అంకె అదే.